గోదారి మింగిన ఆఖరి అధ్యాయం

భద్రాచలంలో చదువుకున్నవాళ్ళూ చదువు రానివాళ్ళూ కలిసి నమ్మే మాట ఒకటుంది. ఎనభయ్యారు వరదలో గోదారి ఊళ్ళోకి వచ్చి, గ్రంథాలయం తలుపు తోసుకుని, బీరువాలో ఉన్న 'ఒంటి తెడ్డు' నవల తీసి, ఆఖరి అధ్యాయం మాత్రం పట్టుకుపోయిందట.

ఈ మాట చెప్పేటప్పుడు ఊరివాళ్ళ ముఖాల్లో బాధ కన్నా గర్వమే ఎక్కువ. మిగతా ఊళ్ళ నదులు గడ్డివాములను కొట్టుకుపోతాయి. తమ నదికి మాత్రం సాహిత్యాభిరుచి ఉందని వాళ్ళ ధీమా.

ఊరంతటిలో ఈ మాటను నమ్మనివాడు ఒక్కడే. ఉన్నత పాఠశాలలో ముప్పై మూడేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన మహబూబ్ అలీ. ఎవరేం చెప్పినా "రుజువేది?" అని అడుగుతాడు కాబట్టి ఊరు అతనికి రుజువు సారు అని పేరు పెట్టింది. నీళ్ళకు మొదటి పేజీ, ఆఖరి పేజీ అన్న పక్షపాతం ఉండదనీ, అట్ట మీద బురద మరక ఉంచి వెనక ఎనిమిది ఆకులు మాత్రమే ఏరుకుని పోయే వరద భౌతికశాస్త్రంలో లేదనీ అతను ఎన్నోసార్లు చెప్పాడు. ఎవరూ వినలేదు. గోదారి కూడా ఏమీ అనలేదు.

నవల పాతది. రాసినవారి పేరున్న మొదటి పేజీ ఏనాడో చిరిగిపోయింది. మళ్ళీ అచ్చు కాలేదు. ఉన్నది ఈ ఒక్క ప్రతే. మూడు తరాలు దాన్ని చదివాయి.

కథ చిన్నదే. వీరాస్వామి పడవ నడుపుతాడు. ఒక సాయంత్రం అతని తల్లి సూరమ్మ పడవను కొయ్యకు కట్టడం మరిచిపోతుంది. పడవ కొట్టుకుపోతుంది. వీరాస్వామి రంకెలు వేస్తే, అతని భార్య నాగరత్నం ముందుకొచ్చి "తాడు కట్టనిది నేనే" అంటుంది. అతను ఆమెను పుట్టింటికి పంపేస్తాడు. పన్నెండేళ్ళకు నిజం తెలిసి, తల్లీ కొడుకూ ఏరు దాటి ఆమె గడపకు వస్తారు. "ఎందుకు చెప్పలేదు?" అని అడుగుతాడు వీరాస్వామి. నాగరత్నం తలెత్తుతుంది. నోరు తెరుస్తుంది.

అక్కడ పేజీ అయిపోతుంది. నలభై ఏళ్ళకు దగ్గరగా నాగరత్నం భద్రాచలంలో నోరు తెరుచుకునే ఉంది.

ఆమె ఏమని ఉంటుందన్న విషయం మీద ఊళ్ళో ఎవరి సిద్ధాంతం వారిది. గ్రంథాలయ పాఠక సంఘం అధ్యక్షుడు వెంకటకృష్ణ తహసీల్దారుగా పనిచేసి వచ్చినవాడు. మనుషుల మనసుల్ని కూడా ఫైలుగానే చూస్తాడు. "పై విషయమును కూలంకషంగా పరిశీలించగా, నాగరత్నము భయము వలననే అట్లు చెప్పినట్లు తేలుచున్నది" అన్నది ఆయన తీర్పు. పుస్తకాలు అందించే దూలయ్యది ఇంకా సూటి మాట. "ఆమెకు పుట్టింటి మీద బెంగ సార్. గంతే."

మహబూబ్ అలీ సిద్ధాంతం శాస్త్రీయమైనది. లాభం లేకుండా ఏ జీవీ నష్టాన్ని నెత్తికెత్తుకోదు. నాగరత్నానికి లాభం ఏమిటని వెతికాడు. దొరికింది. నాలుగో అధ్యాయంలో వీరాస్వామి గురక ప్రస్తావన రెండుసార్లు ఉంది.

*

ఈ సిద్ధాంతాన్ని అతను శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, వరండాలో జాకెట్లు కుడుతున్న భార్య ఇస్మత్ ముందు ఆవిష్కరించాడు. చర్ల దిక్కు అడవి పల్లె నుంచి కూరకు వండే వెదురు కొమ్ములు అమ్ముకోవడానికి వచ్చిన భీమక్క, తన జాకెట్టు కోసం మెట్టు మీద కూర్చుని ఇస్మత్ ఇచ్చిన ఛాయ్ తాగుతోంది. పక్కనుంచి వాన జల్లు కొడుతోంది.

ఇస్మత్ మిషన్ ఆపింది. "గురకనా?"

"గురకే. పన్నెండేళ్ళు పుట్టింట్లో హాయిగా నిద్రపోయింది. ఒక్కసారైనా తిరిగి వెళ్ళాలని చూసిందా? కారణం స్పష్టం."

"గురకకు ఇల్లిడిచి పోయేటట్లయితే, నేను ముప్పై ఎనిమిదేండ్ల కింద్నే నేలకొండపల్లిల మా అమ్మగారింటికి పోయి ఉండాలె గదండీ."

భీమక్క ఛాయ్ గొంతులో అడ్డం పడి దగ్గింది.

"నేను గురక పెడతాననడానికి రుజువేది?" అన్నాడు మహబూబ్ అలీ, అలవాటు కొద్దీ.

"పక్కింటోళ్ళను పిలవాల్నా?"

అతను దారి మళ్ళించాడు. "సరే, నీ సిద్ధాంతం ఏంది?"

"సిద్ధాంతం లేదు, ఏం లేదు. అత్త ఆమెకు ఎప్పుడో ఒకనాడు మంచి చేసి ఉంటది. ఆ మంచి మతికుండి చెప్పింది. మతికున్నోళ్ళు గట్లనే చేస్తరు."

"ఏ మంచి? పుస్తకంలో ఎక్కడుంది? మనుషులు కృతజ్ఞత కోసం పన్నెండేళ్ళు వదులుకోరు, ఇస్మత్. అది కథల్లో జరుగుతుంది."

"మనం మాట్లాడేది కథ గురించే గదా!"

అంతలో జల్లు ఒకటి వచ్చి కుట్టుమిషన్నూ, భీమక్క జాకెట్టునూ, ఇస్మత్ కళ్ళద్దాలనూ ఒకేసారి తడిపింది.

"చూసిండ్రా? ముందుగది నాకియ్యమని మూడేండ్ల సంది అడుగుతున్న. శ్రావణం వచ్చిందంటే జాకెట్టు కుట్టేకంటే ముందు పిండుడే అయితున్నది నా పని. గిరాకీ అంతా బజారు దిక్కు పోతున్నది. మిషన్ తుప్పు పట్టి ఇంకో వానకాలం ఉండదు."

ముందుగది మహబూబ్ అలీ ప్రయోగశాల. అందులో చంద్రుణ్ణి కాదు కదా, పక్కింటి డాబాను కూడా చూపించని టెలిస్కోపు ఒకటి, ఏటేటా గోదారి వరదనీళ్ళు పట్టి అడుగున ఎంత బురద దిగిందో కొలిచే ఇరవై రెండు సీసాలు, ఎడమకాలు లేని ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటి ఉన్నాయి. గదికి తాళం వేసే ఉంటుంది. అస్థిపంజరం పారిపోకుండా కాబోలని ఇస్మత్ అంటుంది.

"శాస్త్రానికి చోటు కావాలి," అన్నాడు అతను.

"అయితే పందెం కట్టుండ్రి. నాగరత్నం నేను చెప్పిన కారణానికే చెప్పిందని తేలితే గది నాది. మీరు చెప్పిన గురకకే అని తేలితే బతికినన్ని రోజులు వరండాలనే కుట్టుకుంట, గది ఊసెత్త."

"ఎలా తేలుతుంది? ఆఖరి అధ్యాయం గోదారి పాలైందిగా."

"గోదారి తీస్కపోలేదని మీరే అంటరు గదా. మరి ఏడనో ఒకచోట ఉండాలె."

ఆ మాట అంటున్నప్పుడు ఇస్మత్ కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. కళ్ళు కనిపించలేదు. కనిపించి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

"సాక్షి నేను," అంది భీమక్క. సాక్షి అంటే సాక్షే. ఆమె పోతూ పోతూ గ్రంథాలయం మెట్ల మీద దూలయ్యకు ఒక కట్ట వెదురు కొమ్ములతో పాటు ఈ వార్తనూ అమ్మింది. మర్నాటికి నోటీసు బోర్డు మీద వెంకటకృష్ణ సంతకంతో ప్రకటన వెలిసింది. 'వచ్చే ఆదివారము ఉదయము పది గంటలకు, నాగరత్నము మౌనమునకు గల కారణములపై విచారణ.'

*

మహబూబ్ అలీకి రెండు రోజులు నిద్ర లేదు. నిద్ర లేదు కాబట్టి గురకా లేదు. ఇస్మత్ మాత్రం హాయిగా నిద్రపోయింది. దీన్ని తన సిద్ధాంతానికి రుజువుగా వాడుకోవచ్చా అని కూడా అతను ఒక క్షణం ఆలోచించాడు.

మూడో రోజున ఉపాయం తట్టింది. ఆఖరి అధ్యాయం ఎవరి దగ్గరా లేదు. లేనిదాన్ని కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారమూ లేదు. మూలకాల పట్టికలో ఖాళీ గడుల్లో ఏముంటుందో శాస్త్రవేత్తలు ముందే ఊహించి చెప్పలేదా? ఇదీ అంతే. ఖాళీ గడి నింపడం. దీన్ని మోసం అనే పదంతో పిలవడం అశాస్త్రీయమని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. రెండుసార్లు నచ్చజెప్పుకోవలసి వచ్చింది.

ఇస్మత్ దారపు రీళ్ళ కోసం బజారుకు వెళ్ళిన మధ్యాహ్నం, పాత పుస్తకాల అక్షరాల్లాంటి అక్షరాలు కంప్యూటర్లో వెతికి, పదహారు పేజీల అధ్యాయం తయారు చేసి అచ్చు తీశాడు. కాగితం మరీ తెల్లగా ఉంది. ఫ్లాస్కులో ఇస్మత్ పెట్టి వెళ్ళిన ఛాయ్ ఉంది. దాన్ని పెద్ద పళ్ళెంలో పోసి ఒక్కొక్క ఆకునూ స్నానం చేయించాడు. ఒక్క మధ్యాహ్నంలో యాభై ఏళ్ళు పైబడ్డాయి వాటికి. బయట ఎండ లేదు కనుక ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టాడు.

చివరి ఆకు మీద ఉండగా ఇస్మత్ తిరిగొచ్చింది.

"ఏందండి, కాగితాలు ఇస్త్రీ చేస్తున్నరు?"

"ఉపన్యాసం. ముడతలు లేకుండా ఉండాలని."

ఆమె ఇస్త్రీపెట్టె తిప్పి అడుగు చూసింది. "దీనికేమైంది? ఛాయ్ తాగిందా?"

"వేడి చేసి ఉంటుంది."

ఆమె ఖాళీ ఫ్లాస్కు చూసింది. పళ్ళెం చూసింది. పళ్ళెం అడుగున అంటుకుని మిగిలిపోయిన ఒక చెడిపోయిన ఆకును గోటితో తీసి, వంటింట్లోకి తీసుకుపోయింది. ఏమీ అనలేదు. వాళ్ళ కాపురంలో ఇస్మత్ ఏమీ అనని సందర్భాలను మహబూబ్ అలీ వేళ్ళ మీద లెక్కపెట్టగలడు. వాటి తర్వాత ఏం జరిగిందో తలుచుకోవడం మాత్రం అతనికి ఇష్టం ఉండదు.

*

ఆదివారం నాటికి గోదారి మొదటి ప్రమాద హెచ్చరిక దాటింది. కరకట్ట మీది నుంచి నీళ్ళు చూసి వచ్చినవాళ్ళంతా కాళ్ళు కడుక్కుని గ్రంథాలయంలోకి వచ్చారు. ఎప్పుడూ ఏడుగురు వచ్చే సభకు ఆ రోజు నలభై మంది. ఇస్మత్ ఒళ్ళో గుడ్డసంచితో ముందు వరసలో కూర్చుంది. పక్కన భీమక్క. సంచిలో ఇవ్వవలసిన జాకెట్లు ఉన్నాయి కాబోలనుకున్నాడు మహబూబ్ అలీ.

"మిత్రులారా, ఆఖరి అధ్యాయం దొరికింది," అన్నాడు.

వెంకటకృష్ణ చేతిలోని కలం కిందపడింది. "ఎక్కడ?"

"నేలకొండపల్లిలో. ఒక పాత ఇంటి అటక మీద."

"నేలకొండపల్లిలనా?" అంది ఇస్మత్ ముందు వరస నుంచి, ఎంతో సంతోషంగా. "మా ఊరే! ఎవరింట్ల అండీ?"

"తర్వాత చెప్తాను," అని అతను చదవడం మొదలుపెట్టాడు. "నాగరత్నం నోరు తెరిచి అంది. నీ గురక, వీరాస్వామీ! నీ గురక! కదలక ఉన్న వస్తువు బాహ్యబలం తగిలేదాకా కదలకుండానే ఉంటుంది. కొట్టుకుపోయిన పడవే నాకు బాహ్యబలమైంది."

వెంకటకృష్ణ చెయ్యెత్తాడు. "పడవవాని భార్యకు ఈ సూత్రము ఎవరు బోధించిరి?"

"ప్రకృతి సూత్రాలు అందరికీ వర్తిస్తాయి."

"వర్తించుట వేరు. ఏడ్చుచు వల్లించుట వేరు."

మహబూబ్ అలీ పేజీ తిప్పాడు. ఆ సమయంలోనే ప్రకృతి సూత్రం ఒకటి వర్తించింది. మూడో వరసలో ఒక అక్షరం కదిలింది. కళ్ళద్దాల దోషమనుకున్నాడు. పక్క అక్షరమూ కదిలింది. తర్వాత వాక్యమంతా లేచి పేజీ అంచుకు నడిచింది.

చీమలు. ఇస్మత్ ఛాయ్‌లో చక్కెర ధారాళం. బల్లకాలు పట్టుకుని బారులు తీరి వచ్చి అధ్యాయంలో ప్రవేశించాయి. కాగితం నుంచి వేళ్ళకు, వేళ్ళ నుంచి మణికట్టుకు, అక్కడ నుంచి చొక్కా చేతిలోకి. శాస్త్రవేత్త కథ చదువుతూనే కుడిచేత్తో ఎడమచేతిని కొట్టుకోసాగాడు. వెనక వరసలోవాళ్ళు నాగరత్నం దుఃఖాన్ని అభినయిస్తున్నాడనుకుని చప్పట్లు కొట్టారు.

దూలయ్య సాయానికి వచ్చి కాగితాలు దులిపాడు. దులిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "సార్, పాతకాగితం వాసన లేదు సార్. ఇలాచీ వాసనొస్తున్నది."

"ఏదీ, ఇయ్యి," అని భీమక్క అందుకుని, ఒక్కసారి పీల్చి, సభకు చెప్పింది. "ఇది ఇస్మతమ్మ ఛాయ్. వచ్చినప్పుడల్లా తాగుతా, నాకు ఎరక లేదా?"

వెంకటకృష్ణ కిందపడిన కలం తీసుకున్నాడు. "నకిలీ పత్రము దాఖలు పరచినట్లు..." అని పైకి చదువుకుంటూ రాయడం ప్రారంభించాడు.

బాబాలను, బాణామతులను, జాతకాలను రుజువు రుజువని నిలదీసిన మనిషి చొక్కా నిండా చీమలతో నిలబడ్డాడు. ముప్పై మూడేళ్ళు అతని దగ్గర చదువుకున్న ఊరు అతని ముఖంలోకి చూస్తోంది. చీమల కన్నా ఆ చూపులే ఎక్కువ కుడుతున్నాయి. ఇక మీదట ఈ ఊళ్ళో ఎవరినీ రుజువు అడగలేనని అతనికి అర్థమైంది.

అప్పుడు ఇస్మత్ లేచింది.

"శబాష్!" అంది. "మీరు పట్టుకోరని మా సారు అన్నడు. పట్టుకుంటరని నేనన్న. నకిలీది ముందు పెట్టి మిమ్మల్ని పరీక్ష చేసిండు, మాస్టరు గదా, అలవాటు పోలె. అందరూ పాసయిండ్రు."

సభ ఒక్క క్షణం తడబడి, తర్వాత తనను తాను మెచ్చుకుంటూ చప్పట్లు కొట్టింది. దూలయ్య మరీ గట్టిగా కొట్టాడు. ముక్కు అతనిదే కదా. వెంకటకృష్ణ రాసినదాన్ని కొట్టేశాడు. మహబూబ్ అలీ నోరు తెరిచాడు. నాగరత్నంలాగే అతని నోట్లోంచీ మాట రాలేదు.

"ఇగ అసలుది చూడుండ్రి," అని ఇస్మత్ సంచిలోంచి తీసి బల్ల మీద పరిచింది.

అవి జాకెట్లు కావు. మైదా జిగురుతో అంచులు అతికించి, పెద్ద కాగితంగా చేసి, ఆ మీదట చొక్కా కొలతకు కత్తిరించిన పుస్తకం పేజీలు. వీపు భాగం, రెండు ముందు భాగాలు, రెండు చేతులు, ఒక కాలరు. నూలు పోగులతో, సుద్దగీతలతో, పసుపుపచ్చగా పాతబడిన అసలైన అచ్చు అక్షరాలు. వీటికి ఛాయ్ అక్కరలేకుండానే వయసు మీదపడింది.

"వరద తీసినంక తడిసిన పుస్తకాలు ఇండ్లకు పంచి ఆరబెట్టిచ్చిండ్రు గదా. మా ఇంటికి వచ్చినదాంట్ల వెనక ఆకులు ఊడిపోయి ఉండె. చిత్తు కాగితాలనుకొని నేనే కత్తిరించిన. తప్పు నాదే. మన్నించుండ్రి," అంది ఇస్మత్.

ఊరు మన్నించింది. కోప్పడేందుకు ఊరికి తీరిక కూడా లేదు. దూలయ్య వీపు భాగం నుంచి చదవడం మొదలుపెట్టాడు. "వీరాస్వామి కళ్ళనిండా..." అని ఆగాడు.

"కళ్ళనిండా ఏంది?" అన్నారు నలుగురు.

"తెల్వదు. ఆడ మెడ కత్తిరించిండ్రు."

సభ చొక్కా చుట్టూ మూగింది. ఒకరు కాలరు చదువుతుంటే ఇంకొకరు చెయ్యి పట్టుకుని కొనసాగింపు వెతుకుతున్నారు.

మహబూబ్ అలీ మాత్రం లెక్క వేస్తున్నాడు. అది అతనికి వచ్చిన పని. వరద ఎనభయ్యారు ఆగస్టులో. ఇస్మత్ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది ఎనభయ్యేడు మొదట్లో. వరద నాటికి ఆమె నేలకొండపల్లిలో ఉంది. భద్రాచలం ఎలా ఉంటుందో కూడా చూడలేదు. కత్తిరించింది ఆమె ఎలా అవుతుంది?

అతని కళ్ళు బల్ల మీదికి పోయాయి. ఇస్మత్ అందరికీ అన్నీ చూపిస్తోంది కానీ, ఎడమచేతి భాగం మూల మీద పెట్టిన బొటనవేలు మాత్రం తీయడం లేదు. అతను దగ్గరికి వెళ్ళి, ఆ వేలును మెల్లగా పక్కకు జరిపాడు. కింద పెన్సిలుతో ఉర్దూలో కొన్ని కొలతలు, వాటి పక్కన ఒక పేరు. మబ్బు. సభలో ఉర్దూ చదవగలిగినవాళ్ళు ఇద్దరే. మబ్బు అని అతన్ని పిలిచిన మనిషి లోకంలో ఒక్కరే. తెలుగు అక్షరం రాని దర్జీ మెహర్ బీ. అతని తల్లి. ఆమె పోయి ఆరేళ్ళైంది.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు గొంతు తగ్గించి. అన్న తర్వాత గానీ ఆ మాట ఇంతకు ముందు ఎవరన్నారో గుర్తుకు రాలేదు.

ఇస్మత్ చొక్కా వైపు చూపించింది. "రాసే ఉన్నది. ఎడమ చంక దగ్గర. చదువుకోండి."

అతను వంగి చదివాడు. చంక వంపులో ఒకటి రెండు అక్షరాలు పోయాయి కానీ వాక్యాలు మిగిలాయి. "నేను కాపురానికి వచ్చిన నాలుగో రోజు అన్నం మాడింది. మంట ఎక్కువ పెట్టింది తానేనని అత్త చెప్పింది. ఆమె నా కోసం ఒకసారి చెప్పింది. నేను ఆమె కోసం ఒకసారి చెప్పాను. అంతే."

గురక ఊసు ఎక్కడా లేదు.

"గది ఇస్మతమ్మది!" అని సాక్షి భీమక్క కేకేసింది.

*

ఇంటికి నడుస్తూ మహబూబ్ అలీ అడిగాడు. "అమ్మీ నీ కోసం ఏ అన్నం మాడ్చానని చెప్పింది?"

"అన్నం కాదు. పెండ్లయిన మూడో వారం, వెంకటకృష్ణ సారు పెండ్లాం జాకెట్టుకు రెండు ఎడమచేతులు కుట్టిన. ఆమె వచ్చి లొల్లి పెట్టింది. నేను వంటింట్ల దాక్కొని ఏడ్సుకుంట ఉన్న. మీ అమ్మీ ఏమన్నదో ఎరికేనా? 'నేనే కుట్టిన బిడ్డా, నా కండ్లు మసక అయినయి' అన్నది."

మహబూబ్ అలీ ఆగిపోయాడు. ఆ మసక సంగతి అతనికి బాగా గుర్తుంది. శాస్త్రీయ దృక్పథం గల కొడుకుగా తల్లిని ఖమ్మం తీసుకెళ్ళి, వద్దంటున్నా వినకుండా అద్దాలు కొనిచ్చాడు.

"మరి అమ్మీకి..."

"చూపు బంగారంలాగ ఉండె. మీ అద్దాలు నెత్తి మీదనే పెట్టుకునేది. సూదిల దారం ఎక్కియ్యాలంటే తీసి పక్కన పెట్టేది."

ముప్పై రెండేళ్ళు అద్దాలు నెత్తి మీదే ఉన్నాయి. ముప్పై రెండేళ్ళు అతను వాటిని చూశాడు. పరిశీలన అనే పదాన్ని ఎన్ని వేల మంది పిల్లలకు నేర్పించాడో!

"కాగితాల సంగతి నేను వచ్చినంకనే బయటపడ్డది," అంది ఇస్మత్. "ఆ కాగితాలతోటి కొలత తీస్తుంటే చొక్కా చెయ్యి ముక్క మీద కథ కనపడ్డది. చదివి చెప్తే అమ్మీ గజగజ వణికింది. మాస్టరు తల్లే పుస్తకం కత్తిరించిందంటే నా కొడుకు బడిల తలెత్తుకోలేడని ఏడ్సింది. ఎవ్వరికీ చెప్పనన్న. అప్పటికే ఊరు గోదారి పేరు పెట్టేసింది. గోదారి ఏమన్నా అనుకుంటదా?"

"పందెం కట్టినప్పుడు నీకు జవాబు తెలుసన్నమాట!"

"తెల్వకుండ పందెం కట్టనీకి నేనేమన్నా సైన్సు మాస్టర్నా?"

"మరి బయటపెట్టకపోతే గది ఎలా వస్తుందనుకున్నావు?"

"రాదనుకున్న. ఉత్తగనే ఉడికిద్దామని కట్టిన. కానీ పళ్ళెంల మీ ఆకు చదివినంక ఉండబుద్ధి కాలె. నాగరత్నం నోట్ల గురక మాట పెడతరా? ఆమె నాకు ముప్పై ఎనిమిదేండ్ల దోస్తు."

లాభం లేకుండా ఏ జీవీ నష్టాన్ని నెత్తికెత్తుకోదన్న సిద్ధాంతకర్త, ఒకే ఉదయం ఒక నేరాన్ని కప్పిపుచ్చి, ఇంకొకదాన్ని తన నెత్తికెత్తుకున్న మనిషి పక్కన నడుస్తున్నాడు. మొదటిది అతనిది, రెండోది అతని తల్లిది. ప్రయోగ ఫలితం సిద్ధాంతానికి వ్యతిరేకంగా వస్తే మార్చుకోవలసింది సిద్ధాంతాన్నే. అతను మార్చుకున్నాడు. షుక్రియా అన్న చిన్నమాట ఇంట్లో ఎప్పుడూ వాడక, అది గొంతులోనే తచ్చాడి, చివరికి ఇలా బయటికొచ్చింది.

"సీసాలు వరండాలో పెడితే వాన పడి కొలతలు చెడిపోతాయేమో."

"సీసాలు మిద్దె మెట్ల కింద పెట్టుండ్రి. ఆ బొక్కలాయన్ని మాత్రం నా దగ్గరే ఉంచుండ్రి. కొలతలకు పనికొస్తడు, కదలడు, బేరమాడడు."

సాయంత్రానికల్లా మిషన్ ముందుగదిలోకి వచ్చింది. భీమక్క జాకెట్టును అస్థిపంజరానికి తొడిగి ఇస్మత్ చేతులు సరిచూస్తోంది. ఒకటి కుడి, ఒకటి ఎడమ. మహబూబ్ అలీ స్వయంగా ఛాయ్ పెట్టి తెచ్చాడు. అందులో చక్కెర వేయడం మరిచిపోయాడు. ఆమె తాగి, బాగుందంది. రుజువు అడగకుండానే నమ్మాడు.

"నిజం రాసి పుస్తకంలో అంటిస్తాను, ఇస్మత్. నీ మీద ఆ తప్పు ఉండకూడదు. నేను తలెత్తుకోలేనని కదా అమ్మీ భయం? ఎత్తుకునే ఉన్నాను, చూడు."

"మీ అమ్మీ, మీ ఇష్టం. తెల్వక చేసిందని మాత్రం రాయండి. ఆమె చేతిపని బాగుండేదని కూడా రాయండి."

మర్నాడు దూలయ్య ఆ చొక్కా ముక్కలను 'ఒంటి తెడ్డు' వెనక ఒక కవరులో పెట్టాడు. కవరు మీద మహబూబ్ అలీ చేతిరాతలో ఒక చీటీ అంటించి ఉంది.

'ఈ పుస్తకపు ఆఖరి ఎనిమిది ఆకులను గోదావరి తీసుకుపోలేదు. వరద వల్ల పది రోజులు ఊళ్ళోకి దినపత్రిక రానందున, కొలతకు కాగితం దొరక్క, మెహర్ బీ అనే దర్జీ, తెలుగు చదవడం రాక, ఊడిన ఆకులను చిత్తు కాగితాలనుకుని తన కొడుకు పెళ్ళిచొక్కా కోసం కత్తిరించింది. చొక్కా సరిగ్గా సరిపోయింది.'